ఖాళీ బండి వెంట దుప్పులు

అలవాటు చొప్పున మువ్వల పట్టెడ తీసి గుర్రం రూబీ మెడలో వేశాడు ఆర్డెన్. కొంప ముంచింది ఆ అలవాటే.

అప్పటికి ఆ సంగతి తెలియదు. ఆ వారం ఆ లోయలో అతనంత సంతోషంగా ఉన్న మనిషి ఇంకొకడు లేడు. చలికాలం మొదలైనప్పటినుంచీ కొట్టంలో ఊరికే నిలబడి దాణా తింటున్న గుర్రాలకు మళ్ళీ పని దొరికింది. బావమరిది ఎల్డన్ ట్రాక్టరు చలికి బిగుసుకుపోయి మొరాయించింది. దానికి కావలసిన సామాను ఎక్కడో దూరపు పట్నం నుంచి రావాలి, కనుమదారి చూస్తే మంచుతో మూసుకుపోయింది. చూలు ఆవులు ఆకలికి ఆగవు కదా. "బావా, నీ మంచుబండి కట్టుకుని నాలుగు రోజులు వస్తావా?" అని ఎల్డన్ ఫోను చేశాడు. "నాలుగు రోజులేం ఖర్మరా, నీ ట్రాక్టరు తుప్పు పట్టిపోయేదాకా వస్తాను," అన్నాడు ఆర్డెన్. గొంతులో సంబరం దాచుకోవడం అతనికి చేతకాలేదు.

కళ్ళెం ఇనుము చలికి గుర్రం నాలుక్కి అతుక్కుపోతుందని కాసేపు చంకలో పెట్టుకుని వెచ్చచేశాడు. రూబీకి తొడిగాడు, తరవాత బోజ్‌కి. రెండూ బరువులు లాగే జాతి గుర్రాలు, ముసలివైపోయాయి. అయినా పట్టెడ మోగగానే చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఆ పట్టెడ కట్టింది అతని భార్య నోలా. పొగమంచులో బండి హఠాత్తుగా ఎదురుపడితే దుప్పులు బెదిరి ఒకదాన్నొకటి తొక్కుకుంటాయని, ముందుగా చప్పుడు వినిపించాలని కట్టింది. ఆమె పగ్గాలు పట్టేది, అతను గడ్డి విసిరేవాడు. పెళ్ళయిన ఏడాది నుంచీ ఆమె పోయేదాకా చలికాలాలన్నీ అలాగే గడిచాయి. కాపురమంతా ఒకరి వీపు ఒకరికి ఆనించి చేశాం అని నోలా నవ్వేది.

ఎగువన, వాగు మలుపు దగ్గర, ప్రభుత్వంవారి మేత మైదానం ఉండేది. ఎల్క్ దుప్పులకు చలికాలమంతా అక్కడ గడ్డి వేయించేవాళ్ళు. కడుపు నిండితే అవి కిందికి దిగి రైతుల గడ్డివాముల మీద పడవు, ఆవుల్లో కలవవు. అక్టోబరులో వేటగాళ్ళకూ లోటుండదు. గడ్డి ప్రభుత్వానిది, చెయ్యి ఆర్డెన్‌ది. కిందటి వసంతంలో వన్యప్రాణి శాఖవాళ్ళు వచ్చి మైదానం మూసేశారు. దుప్పులకు కొత్త జబ్బేదో వచ్చిందట, మెదడు తినేసి బతికుండగానే ఎముకల గూడు చేస్తుందట, మూతులు కలిపి ఒక్కచోట మేస్తే అంటుకుంటుందట. జబ్బు అబద్ధమని ఆర్డెన్ అనలేదు. అన్ని చలికాలాలు గడ్డి వేసినవాణ్ణి ఒక్కమాట అడగకుండా గేటుకి గొలుసు వేసి పోయారని అతని బాధ. ఆ గొలుసు చూడాల్సి వస్తుందని అటువైపు వెళ్ళడమే మానేశాడు.

ఎల్డన్ పగ్గాలు పట్టాడు. ఆర్డెన్ వెనక నిలబడి గడ్డికట్ట పురికొస కోసి, కోసిన ముక్క నడుముకి చుట్టుకుని, గడ్డి పొరలు పొరలుగా విడదీసి మంచు మీదికి విసురుతున్నాడు. పురికొస ముక్క కింద పడితే ఆవు మింగి చస్తుంది. అందుకే నడుముకి చుట్టుకోవడం. మధ్యాహ్నానికి నడుము చుట్టూ నారింజరంగు పావడా కట్టినట్టుంటాడు.

"మా అక్క ఎలా భరించిందో నిన్ను," అన్నాడు ఎల్డన్ వెనక్కి తిరక్కుండానే. "గడ్డంతా నా వీపు మీదే పోస్తున్నావు."

"మీ అక్క పగ్గాలు పడితే గుర్రాలు తిన్నగా నడిచేవి. నువ్వు పడితే పెళ్ళివారి తాగుబోతుల్లా నడుస్తున్నాయి."

మొదటి రెండు రోజులూ ఇలా మాటలతోనే గడిచాయి. మూడో రోజు పొగమంచు దట్టంగా ఉంది. ఆవులు వరసగా నిలబడి మేస్తున్నవల్లా ఒక్కసారి తలలెత్తి వాగు వైపు చూశాయి. ఆర్డెన్ చేతిలో గడ్డి అలాగే ఉండిపోయింది.

వాగు ఒడ్డు పొదల్లోంచి ఒకదాని వెనక ఒకటిగా వస్తున్నాయి దుప్పులు. మోకాళ్ళదాకా మంచులో అడుగు వెనక అడుగు వేస్తూ, ముందుదాని అడుగులోనే వెనకది కాలు పెడుతూ. ముందు నడుస్తున్నది ముసలి ఆడదుప్పి. ఎడమ చెవి సగం తెగి వేలాడుతోంది. నోలా దానికి మొండిచెవి అని పేరు పెట్టింది. కంచె తీగ దగ్గర ఆగి, ఒక్క ఊపున దూకి, నేరుగా బండి వెనక్కి వచ్చి నిలబడింది. గడ్డి ఎక్కడ పడుతుందో తనకు తెలుసునన్నట్టు. దాని వెనక మంద మందంతా దూకింది.

పక్కటెముకలు కనిపిస్తున్నాయి వాటికి. ఆర్డెన్ కళ్ళు చెమ్మగిల్లాయి. వచ్చారా, మీరూ వచ్చారా అని నోట్లోనే అనుకున్నాడు. ఎంత సంతోషం కలిగిందంటే, మొండిచెవి ఆవుల పక్కన నిలబడి ఆవుల గడ్డి తింటోందన్న సంగతి కాసేపు బుర్రకెక్కనే లేదు.

"బావా!" అని అరిచాడు ఎల్డన్. "నీ చుట్టాల్ని తోలు బావా! ఆవులన్నీ చూలుతో ఉన్నాయి, కొంప మునుగుతుంది!"

నిజమే. దుప్పుల్లో ఈసుడు రోగం, నెలలు నిండకముందే పిండం పడిపోయే జబ్బు, ఉంటుంది. ఒక్క దుప్పి ఈసుకుపోయి పిండం ఆవుల మధ్య పడేస్తే, దాన్ని ఒక్క ఆవు మూతితో ముట్టుకుంటే చాలు, ఆవులకీ దూడలు నిలవవు. అధికారులు మందను కట్టడిలో పెడతారు, ఆపైన కబేళాకి లారీలెక్కిస్తారు. ఎల్డన్ బండి మీంచి దూకి, టోపీ తీసి ఊపుకుంటూ, బూతులు తిడుతూ దుప్పుల మీదికి పరిగెత్తాడు. అవి కాస్త పక్కకి జరిగి, అతను అలిసి ఆగగానే మళ్ళీ వచ్చి మేశాయి.

శాఖ తరఫున ఆ లోయ చూసే ఆఫీసరు ఇనెస్ మధ్యాహ్నానికల్లా మంచు మోటారు మీద వచ్చింది. ముప్ఫై దాటిన మనిషి, మితంగా మాట్లాడుతుంది. ఆమె తాత ఆ విండ్ రివర్ కొండల్లోనే గొర్రెలు కాశాడు. ఆమె తుపాకీలో టపాకాయ గుళ్ళు పెట్టి దుప్పుల నెత్తిన పేల్చింది. అవి ఉరుకుతూ కొండ సగానికి పోయాయి. ఇనెస్ కూడా వాటి వెనక చాలాదూరం పోయి వచ్చింది. పొద్దు వాలేసరికి మళ్ళీ కంచె దగ్గర మొండిచెవి ప్రత్యక్షం.

మర్నాడూ అదే తంతు. గుళ్ళు అయిపోయాయి, దుప్పులు మాత్రం కదల్లేదు. ఆ సాయంత్రం అందరూ ఎల్డన్ వంటింట్లో కూర్చున్నారు. ఎల్డన్ భార్య ట్వైలా కుండలో ఉడికిన మాంసం, ఆలుగడ్డలు, అప్పుడే కాల్చిన రొట్టె, అడవి చోక్‌చెర్రీ పండ్ల పాకం బల్ల మీద పెట్టింది. ఆ ఇంట్లో కాఫీ కాయరు. వాళ్ళ చర్చి కాఫీ తాగొద్దంటుంది. ఆర్డెన్ చర్చికి వెళ్ళడం మాని ఏళ్ళయింది. తన ఫ్లాస్కు తనే తెచ్చుకుని, బల్ల కింద పెట్టుకుని తాగుతాడు. ట్వైలా చూడనట్టు నటిస్తుంది. అది వాళ్ళిద్దరి మధ్యా పాత ఒప్పందం.

"ఎందుకొచ్చాయో అర్థం కావడంలేదు," అంది ఇనెస్. "నెలన్నర నుంచీ పైన అడవిలోనే ఉన్నాయి. చిక్కాయి గానీ, మేస్తున్నాయి. తిన్నగా ఈ దొడ్డికే ఎందుకొచ్చినట్టు?"

ట్వైలా రొట్టె కోస్తూ, కోస్తూ, కత్తి ఆపింది.

"మువ్వలు," అంది. "అన్నయ్యా, నువ్వు మువ్వలు కట్టావు. నాకు ఈ కిటికీలోంచి వినబడింది. అయ్యో, వదిన వస్తోందనిపించింది ఒక్క క్షణం. నాకే అలా అనిపిస్తే వాటికి అనిపించదూ? నువ్వు పిలిచావు, అవి వచ్చాయి. ఇందులో వాటి తప్పేముంది?"

ఆర్డెన్ చేతిలో చెంచా ప్లేటులో పెట్టేశాడు. ఇంత చిన్న సంగతి తనకెందుకు తట్టలేదు? అలవాటు అలాంటిది. ఒంటికి పట్టిన పని బుర్రకు కనబడదు.

"పట్టెడ తీసేస్తానమ్మా," అన్నాడు నెమ్మదిగా.

"ఇప్పుడు తీసినా లాభంలేదు. గడ్డి రుచి చూశాయి," అంది ఇనెస్. "ఆర్డెన్ గారూ, మీ దగ్గర దాచడం దేనికి, చెప్పేస్తాను. శనివారం దాకా చూడమన్నారు. ఆపైన నలుగురు వేటగాళ్ళకి అనుమతి చీటీలు రాసివ్వాలి. ముందు నడిచేదాన్ని పడగొడితే మిగతావి చెదిరిపోతాయి."

"ముందు నడిచేదాన్నా?"

"ఎడమ చెవి తెగినదాన్ని."

"దానికి ఏళ్ళ తరబడి ఈ చేత్తో మేతపెట్టి, ఇప్పుడు దాన్ని కాల్చడానికి చీటీ రాస్తారా? గేటుకి గొలుసు వేసింది మీరేగా! అవి ఎక్కడికి పోవాలి మరి, మీ ఆఫీసుకా?"

"గాలిదిబ్బ మీదికి పోవాలి," అంది ఇనెస్. "అక్కడ గాలికి మంచు నిలవదు. గడ్డి పొట్టిదే, కానీ ఉంది. మీరు మేతపెట్టడం మొదలెట్టకముందు చలికాలమంతా అక్కడే ఉండేవని మా తాత చెప్పేవాడు."

"మీ తాత చెప్పిందంతా నిజమైతే, ఆయన ఓసారి ఎలుగుబంటితో పేకాడాడు కూడా."

ఎల్డన్ పకపకా నవ్వాడు. ఇనెస్ కూడా నవ్వింది. "పేకాట నేను చూడలేదు. గాలిదిబ్బ మీద గడ్డి చూశాను. చలికాలంలో మీరు ఎప్పుడైనా అక్కడికి ఎక్కారా?"

ఆర్డెన్ రొట్టె తుంచుకున్నాడు. చలికాలంలో ఎక్కే తీరిక ఎక్కడిది? రోజూ పొద్దున్నే వాటికి గడ్డి వెయ్యడమే సరిపోయేది.

ఇనెస్ వెళ్ళాక ఎల్డన్ వేలితో బల్ల మీద గీతలు గీశాడు. తరవాత గొంతు సవరించుకున్నాడు.

"బావా, ఒక మాటంటే కోప్పడవు కదా. చీటీల్లో ఒకటి నేను చెప్పినవాళ్ళకి ఇస్తారట. ఎవడో పట్నంవాడు వచ్చి కడుపులో కాల్చి, అది నెత్తురు కార్చుకుంటూ వాగులో పడి గిలగిల్లాడి... ఎందుకది? నువ్వైతే ఒక్క దెబ్బ. దానికే తెలియదు."

"ఒరేయ్," అన్నాడు ఆర్డెన్.

"నాకు సరదా కాదు బావా. మా నాన్న మందని లారీలెక్కించిన రోజు నువ్వూ ఉన్నావు. ఆ ఏడాదే కదా ఆయన కుర్చీలోంచి లేవడం మానేసింది. నాకా రోజు వద్దు."

ట్వైలా మొగుడి భుజం మీద చెయ్యి వేసింది. ఎల్డన్ అడిగింది అన్యాయం కాదు. అదే ఆర్డెన్‌కి ఎక్కువ కష్టంగా ఉంది. అన్యాయమైతే తిట్టి లేచిపోవచ్చు.

ఇంటికి వచ్చి కొట్టంలో మేతకోటు విప్పి తన మేకుకి తగిలించాడు. మందపాటి గోధుమరంగు కోటు, మోచేతుల దగ్గర నోలా వేసిన అతుకులు. వేటకోటు ఇక్కడ ఉండదు, ఇంట్లో దేవదారు పెట్టెలో ఉంటుంది. అతనూ వేటగాడే. అక్టోబరులో చీటీ వస్తే కొండెక్కి, ఇవే దుప్పుల్లో ఒకదాన్ని కొట్టి, చలికాలానికి మాంసం తెచ్చుకునేవాడు. అందులో తప్పేమీ కనబడేది కాదు ఆ మొగుడూ పెళ్ళాలకి. అక్టోబరులో దుప్పి కొండది, డిసెంబరులో మనది అనేది నోలా. కానీ ఆ కోటూ ఈ కోటూ ఒక్కచోట ఉండనిచ్చేది కాదు. "పెట్టే చెయ్యీ కొట్టే చెయ్యీ ఒకటే వాసన రాకూడదు," అనేది. ఆ కొట్టంలోకి వేటకోటు ఒక్కసారి కూడా రాలేదు.

ఎల్డన్ అడిగింది ఆ రెండు వాసనలూ కలపమని.

శుక్రవారం తెల్లవారగానే ఆర్డెన్ ఎల్డన్ దొడ్డికి వచ్చాడు. బండి ఖాళీ. రూబీ మెడలో మువ్వల పట్టెడ ఉంది.

"మళ్ళీ కట్టావేంటి బావా!"

"ఈ దొడ్డికి పిలిచింది నేనే కదరా. ఇంకో చోటికి పిలిచి చూస్తాను. వెనక కంచె తీగలు కిందికి దించు."

ఇనెస్ అప్పటికే వచ్చి ఉంది. బండి చుట్టూ ఒకసారి తిరిగి, ముందు భాగంలో మడిచి పెట్టిన పాత పట్టా వైపు చూసింది. ఆర్డెన్ గుర్రాల నడుం పట్టీ బిగిస్తున్నట్టు వంగిపోయాడు. పట్టా కింద మూడు గడ్డికట్టలు దాచాడు. పట్టా పక్కన తుపాకీ ఉంది. అది దాచలేదు.

"గడ్డి వేస్తే మళ్ళీ మీ చేతివైపే చూస్తాయండీ," అంది ఇనెస్. "ఒక్క పరక వేసినా అంతే."

"తెలుసమ్మా."

"మరి ఆ తుపాకీ?"

"అవి నా వెనకే తిరిగొస్తే మా బావమరిదికి ఇచ్చిన మాట ఉంది."

ఎల్డన్ తల దించుకున్నాడు. అతను మాట ఇమ్మని అడగలేదు, రాత్రి ఫోను చేసి ఆర్డెనే ఇచ్చాడు. ఇనెస్ కంచె తీగలు దించడానికి చెయ్యి వేసింది.

ఆర్డెన్ పగ్గాలు తనే పట్టాడు. "హై, తల్లీ," అన్నాడు. మువ్వలు మోగాయి. వాగు పొదల్లో పడుకున్న దుప్పులు ఒక్కొక్కటే లేచి, మంచు దులుపుకుని చూశాయి. బండి దొడ్డి మధ్యనుంచి పోయింది, గడ్డి మాత్రం పడలేదు. మొండిచెవి నాలుగడుగులు వేసి ఆగింది. మళ్ళీ నాలుగడుగులు వేసింది. బండి కంచె దాటి కొండదారి పట్టేసరికి మంద మొత్తం తోకలా వెనక పడింది.

అతను వెనక్కి చూడలేదు. చూడక్కర్లేదు. అన్ని డెక్కల కింద మంచు నలుగుతున్న చప్పుడు, వాటి ఊపిరి, అప్పుడప్పుడూ ఒక పిల్లదుప్పి సన్నని కూత. ఆ చప్పుడుతోనే అతనికి ముసలితనం వచ్చింది. పక్కన నోలా ఉంటే ఈపాటికి ఏదో ఒకటి పాడుతుండేది. పాట ఎప్పుడూ తప్పే, రాగం ఎప్పుడూ ఒకటే. వద్దు మొర్రో అంటే ఇంకా గట్టిగా పాడేది. ఆ తప్పు పాట ఒక్కసారి వింటే చాలునని అతనికి ఎంతగానో అనిపించింది.

దారి మేత మైదానం పక్కనుంచే పోవాలి. గొలుసు వేసిన గేటు, పడిపోయిన గడ్డికొట్టం, మంచు కింద ఏవో గుర్తులు. మొదటి గడ్డి వేసే చోటికి రాగానే రూబీ ఆగిపోయింది. బోజ్ కూడా ఆగాడు. ఎవరూ చెప్పలేదు వాటికి. కాళ్ళే ఆగిపోయాయి. వెనక దుప్పులు ఎప్పటిలాగే వరసలు కట్టి, ఎవరి చోటు వారికి తెలిసినట్టు నిలబడి, అతని చేతులవైపు చూశాయి.

ఆర్డెన్ చెయ్యి పట్టా మీదికి పోయింది. ఇక్కడే వేసేస్తే? మూడు కట్టలు. ఎవరు చూడొచ్చారు? ఒక్కపూట కడుపు నిండుతుంది. రేపు? రేపు శనివారం.

"నడు రూబీ," అన్నాడు. రూబీ కదల్లేదు. తల వెనక్కి తిప్పి, ఏదో మరిచిపోయావన్నట్టు చూసింది. అతను బండి దిగి, దాని ముందుకి వెళ్ళి, కళ్ళెం పట్టుకుని, నుదురు దాని ముక్కుకి ఆనించాడు. "ఇక్కడ కాదే. ఇక్కడ అయిపోయింది," అన్నాడు. అలాగే ముందు నడుస్తూ, గుర్రాన్ని చేత్తో నడిపించుకుంటూ మైదానం దాటాడు. దుప్పులు కాసేపు తటపటాయించాయి. తరవాత వచ్చాయి. తిట్టినా బాగుండేది, ఇంత నమ్మకంగా ఎందుకొస్తాయి అనుకున్నాడు. ఖాళీ బండి చూపించి మోసం చేస్తున్నవాణ్ణి ఇంతగా నమ్మితే ఏ మనిషికైనా సిగ్గేస్తుంది.

ఆర్డెన్ మళ్ళీ బండెక్కాడు. పైన్ చెట్లు దాటేసరికి గుర్రాల ఒంటినుంచి ఆవిర్లు లేస్తున్నాయి. దారి వంపు తిరిగింది. గాలి వచ్చి మొహానికి కొట్టింది. గాలిదిబ్బ.

ఇనెస్ చెప్పింది నిజమే. మంచు ఎక్కడికక్కడ ఎగిరిపోయి, నేల కనబడుతోంది. పొట్టి గడ్డి, ఎండి పసుపుపచ్చగా, గాలికి నేలబారుగా వంగి ఉంది. మధ్యమధ్య సేజ్ పొదలు. ఆర్డెన్ బండి ఆపాడు. అతనికి ఆ గడ్డి చాలా కొంచెంగా కనబడింది. ఇది మేకలకైనా చాలదు అనుకున్నాడు. ఇవి చస్తాయి ఇక్కడ, నా కళ్ళముందే చస్తాయి అనుకున్నాడు.

దుప్పులు బండి చుట్టూ చేరి నిలబడ్డాయి. మొండిచెవి దగ్గరికొచ్చింది, ఎన్నడూ రానంత దగ్గరికి. మూతి చాచి పట్టా వాసన చూసింది. దాని ఊపిరి పట్టా మీద తడిమచ్చగా పడింది. కింద గడ్డి ఉందని దానికి తెలిసిపోయింది. ఆర్డెన్ కుడిచెయ్యి జేబులోని చాకు మీద ఉంది. ఎడమచేతి పక్కనే తుపాకీ. పెట్టినా నేనే, కొట్టినా నేనే అనుకున్నాడు. చాకు మడత విప్పాడు.

మొండిచెవి తలెత్తింది. గాలి వస్తున్న వైపు చూసింది. ముక్కు ఎగబీల్చింది. అలా ఎంతసేపు నిలబడిందో. తరవాత బండి దగ్గరనుంచి వెనక్కి తిరిగి, దిబ్బ వాలుకి నడిచి, ముందుకాలితో పల్చటి మంచు గీకింది. వంగి కొరికింది. నమిలింది. మళ్ళీ గీకింది.

దాని పక్కకి ఇంకొకటి పోయింది. పిల్లల తల్లులు పోయాయి. గుంపు కాస్తా పలచబడి, దిబ్బ పొడుగునా చెల్లాచెదరైంది. ఏ రెండు మూతులూ ఒక్కచోట లేవు. శాఖవాళ్ళు కోరింది సరిగ్గా అదే. చూస్తుండగానే బండి చుట్టూ ఎవరూ లేకుండా పోయారు.

ఆర్డెన్ చాకు చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాడు. కాలివేళ్ళు తిమ్మిరెక్కాయి. సంతోషించాలని అతనికి తెలుసు. ఎల్డన్ ఆవులు దక్కాయి, మొండిచెవి దక్కింది, తుపాకీ ఎత్తే పని తప్పింది. మరి బండి తిప్పడానికి చెయ్యెందుకు రావడంలేదు?

"హై, తల్లీ," అని పిలిచాడు, మరీ గట్టిగా కాదు. నోలా పిలిచినట్టే పిలిచాడు. పిలవకూడదని తెలుసు. అయినా పిలిచాడు.

మొండిచెవి చెవి ఒక్కటే ఇటు తిరిగింది, ఆ తెగిన చెవి. తల ఎత్తలేదు. మేస్తూనే ఉంది.

అతను పట్టా తీసి, ఒక కట్టలోంచి గుప్పెడు గడ్డి లాగాడు. రూబీ మెడలోని పట్టెడ దగ్గరికి వెళ్ళి, ఒక్కొక్క మువ్వ నోట్లోనూ కాస్త కాస్త గడ్డి కుక్కాడు. గడ్డి మూతికి తగలగానే రూబీ పెదవులతో అందుకోబోయింది. మిగిలిన పరకలు దానికే తినిపించాడు.

చప్పుడు లేని బండి దిగువకి తిరిగింది. దారి పొడుగునా వెనక్కి చూస్తూనే ఉన్నాడు. ఎల్డన్‌కి ఇచ్చిన మాట కోసం చూస్తున్నానని తనకి తానే చెప్పుకున్నాడు. తిరిగొస్తే కాల్చాలి కదా మరి. పైన్ చెట్ల దగ్గర ఆగి చూశాడు. మేత మైదానం దగ్గర మరీ ఎక్కువసేపు ఆగాడు. ఒక్కటైనా వస్తుందేమోనని చూశాడు. ఒక్కటీ రాలేదు.

దొడ్డిలో ముగ్గురూ ఎదురుచూస్తున్నారు. ఎల్డన్ బండి వెనక్కి తొంగిచూసి, కొండ వైపు చూసి, ఆర్డెన్ మొహంలోకి చూశాడు.

"నీ చుట్టాలేరీ బావా?"

"ఉండిపోయార్రా. వెళ్ళొస్తానంటే తల ఎత్తనైనా ఎత్తలేదు."

ఎల్డన్ టోపీ గాల్లోకి విసిరాడు. ఆ తరవాత ఏమనిపించిందో, టోపీ ఏరుకుని మంచు దులిపాడు. ఇనెస్ బండి దగ్గరికి వచ్చింది. పట్టా తొలిగి గడ్డికట్టలు బయటికి కనిపిస్తున్నాయి.

"ఇవేమిటండీ?"

"గుర్రాలకి."

ఇనెస్ మూడు కట్టలనీ తడిమి చూసింది. పురికొసలు కొయ్యలేదు. ఒక్క కట్ట మూల మాత్రం గుప్పెడు గడ్డి లాగి ఉంది. ఆమె మువ్వల పట్టెడ వైపు చూసింది, ఆ గుప్పెడు ఎక్కడికి పోయిందో ఆమెకు కనిపించింది.

"మా తాత చెప్పింది..." అని మొదలుపెట్టి ఆగిపోయింది.

"నిజమేనమ్మా," అన్నాడు ఆర్డెన్. "పేకాట సంగతి కూడా నిజమేనేమో."

వంటింట్లోకి వెళ్ళి, అలవాటుగా ఫ్లాస్కు బల్ల కింద పెట్టి, కుర్చీలో కూలబడ్డాడు. ట్వైలా అతని ఎదుట రొట్టె పెట్టి, వంగి బల్ల కింద ఫ్లాస్కు తీసి, మూత తిప్పి, తన సొంత పింగాణీ కప్పులోకి కాఫీ వంచి అతని ముందుకి జరిపింది. ఆ వాసనకి ఒక్కసారి మొహం తిప్పుకుంది గానీ, కప్పు మాత్రం వదల్లేదు.

"వదినుంటే ఇంకా కొంచెం పంచదార వేసేది," అంది.

ఆర్డెన్ తల ఊపి తాగాడు.

ఇంటికి చేరేసరికి కొట్టం తలుపులోంచి పొద్దుటి వెలుగు పోయి సాయంత్రపు వెలుగు వస్తోంది. గుర్రాలను తుడిచి, దాణా పెట్టాడు. పట్టెడ విప్పి, మువ్వల్లో గడ్డి అలాగే ఉండనిచ్చి, గూట్లో పెట్టాడు. మేతకోటు విప్పి మేకుకి తగిలించి, దాని ముందు కాసేపు నిలబడ్డాడు. మోచేతి అతుకు మీద ఒక పరక అంటుకుని ఉంది. తియ్యలేదు.

తరవాత ఇంట్లోకి వెళ్ళి, దేవదారు పెట్టె తెరిచి, వేటకోటు తీసుకుని కొట్టంలోకి వచ్చాడు. నోలాతో ఒక మాట చెప్పాలనిపించింది. ఇంక పెట్టే చెయ్యి లేదే, ఉన్నది ఒక్క చెయ్యే, వాసన కలిసినా వాటికి నష్టం లేదు అని. నోటితో అనలేదు. ఆ మేకు మీదే, మేతకోటు పైనే, వేటకోటు తగిలించాడు. బరువుకి మేకు కాస్త వంగింది. వేలితో నొక్కి చూశాడు, ఆగుతుంది. తలుపు దగ్గరికి వేసి ఇంట్లోకి వెళ్ళిపోయాడు.